రాత్రి లేని షెడ్డు: కడియం వైపు ఒక పెటూనియా కేసు

కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక వైపు నర్సరీలు చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. మొక్కకు జబ్బు చేస్తే చూసి, కారణం వెతికి, ఏం చేయాలో చెప్పడం నా పని. ఈ కేసులో మందు మార్చిన ప్రతిసారీ ఓడిపోయాం. వేళ మార్చాక గట్టెక్కాం. అందుకే రాస్తున్నాను. నర్సరీ ఎవరిదో తెలియకుండా కొన్ని వివరాలు తీసేశాను. యజమానిని పెద్దాయన అంటాను. మొక్కల పని చూసే ఆవిడను అక్క అంటాను, అక్కడ అందరూ అలాగే పిలుస్తారు.

నేపథ్యం

ఎకరంన్నర నర్సరీ, కాలవ గట్టును ఆనుకుని ఉంటుంది. ఏడాదంతా క్రోటన్లు, మందారాలు, గులాబీ అంట్లు. కార్తీకం వచ్చేసరికి బంతి, చామంతి, డాలియా, పెటూనియా సిద్ధం చేస్తారు. ఈ చలికాలపు పూలమొక్కలది రెండు నెలల వ్యాపారం. జనవరి ఒకటికి కొంత, సంక్రాంతికి మిగతాది లారీ ఎక్కాలి. పండగ దాటితే అడిగేవాళ్లుండరు.

పెటూనియా మొత్తం ఒకే షెడ్డులో ఉంది, రెండు వేల కుండీల దాకా. పైన పాలిథిన్, కింద షేడ్‌నెట్, పక్కలకు దించుకునే తెరలు. నాలుగేళ్లుగా అదే షెడ్డు, అదే మట్టి, అదే విత్తనం. అంతకుముందు పెద్ద జబ్బేమీ రాలేదు. ఆ ఏడు రెండు మార్పులు జరిగాయి. వాటి గురించి ముందే చెప్పాలని వాళ్లకు తోచలేదు, నేనూ అడగలేదు.

సమస్య

డిసెంబరు మొదటి వారంలో పెద్దాయన ఫోన్ చేశారు. "బూడిద తెగులండి. గంధకం రెండు సార్లు కొట్టాం. తగ్గకపోగా పెరుగుతోంది. ఒకసారి వచ్చి చూస్తారా?"

మర్నాడు పదకొండింటికి వెళ్లాను. పూరేకుల మీద ముందు సూదిమొనంత నీటి మచ్చలు. అవి ఒకదానితో ఒకటి కలిసి గోధుమ రంగుకు తిరిగి, పువ్వు తడిసిన కాగితంలా కింది ఆకు మీద వాలిపోతోంది. పువ్వు అంటుకున్న చోట ఆకు కూడా మెత్తబడి కుళ్లుతోంది. ఆ కుళ్లు మీద బూడిద రంగు నూగు. కుండీని వేలితో చిన్నగా తట్టాను. నూగులోంచి పొగలాంటి దుమ్ము లేచి, తెర సందులోంచి పడుతున్న ఎండలో కాసేపు తేలింది.

పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దంలో చూస్తే సన్నని కొమ్మలు, కొమ్మల చివర్లలో గుత్తులు. ఇది బోట్రైటిస్ అనే బూజు. గ్రీకులో ద్రాక్షగుత్తి అన్న మాట నుంచే ఆ పేరు వచ్చింది. అచ్చం అలాగే ఉంటుంది.

మొదటి పొరపాటు పేరు దగ్గరే జరిగింది. మన వైపు బూడిద తెగులు అంటే పచ్చటి ఆకు మీద తెల్లటి పౌడరు చల్లినట్టు వచ్చేది. దాన్ని వేలితో తుడిస్తే కింద ఆకు పచ్చగానే ఉంటుంది. గంధకం దానికి మంచి మందు. ఇక్కడ వచ్చింది బూడిద రంగు బూజు, కుళ్లిన కండ మీద పెరిగేది. దీని మీద గంధకం పనిచేయదు. పెద్దాయన "బూడిద" అన్నారు, దుకాణంలో ఆ మాటకు తగ్గ డబ్బా ఇచ్చారు. ఆకు పట్టుకెళ్లి చూపించి ఉంటే ఆ రెండు పిచికారీల ఖర్చు మిగిలేది.

మొదటి ప్రయత్నాలు

గంధకం తర్వాత వాళ్లు కార్బెండజిమ్ అనే బూజు మందు కూడా లీటరుకు గ్రాము చొప్పున ఒకసారి కొట్టారు. ఆ వర్గం మందులకు బోట్రైటిస్ ఎంత తొందరగా అలవాటు పడుతుందో ప్రపంచమంతా చూసింది. అందుకని ఇప్రోడియోన్ కలిసిన మందు రాసిచ్చాను. దాంతోపాటు వాడిన పువ్వు ఒక్కటి కూడా మొక్క మీద ఉండకూడదని చెప్పాను. ఈ బూజుకు మెట్టు వాడిన పువ్వే. అక్కడ బలం పుంజుకుని పచ్చటి ఆకులోకి దిగుతుంది. అక్క, ఇంకో ఇద్దరు కలిసి రెండు రోజుల్లో వాడిన పూలన్నీ బస్తాల్లోకి ఏరి దూరంగా పాతిపెట్టారు.

అయిదు రోజులు బాగుంది. ఆరో రోజు మళ్లీ కొత్త మచ్చలు.

ఇక్కడ నేను తప్పు దారి పట్టాను. ఈ మందుకు కూడా బూజు లొంగడం లేదేమో అనుకుని ఇంకో వర్గం మందుకు మారమన్నాను. దానికీ అంతే, నాలుగు రోజుల ఊరట, తర్వాత యథాప్రకారం. పది రోజులు పోయాయి. మూడొందల పైచిలుకు కుండీలు పారబోశారు. పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు గానీ ఆయన ముఖంలో టెన్షన్ కనబడుతూనే ఉంది. నాకూ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పుడు నేను అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. రెండు వేర్వేరు మందులూ సరిగ్గా ఒకేలా, నాలుగైదు రోజులు పనిచేసి ఆగిపోతుంటే లోపం మందులో ఉందా? మందు పనిచేస్తోంది. షెడ్డులో ఇంకేదో ప్రతి రాత్రీ బూజుకు తలుపు తీస్తోంది. ఈ మాట తట్టడానికి నేను అక్కడికి రాత్రిపూట వెళ్లాల్సి వచ్చింది.

రాత్రి చూసింది

వేమగిరిలో ఇంకో పని ముగించుకుని వస్తూ, ఏడు దాటాక అటు వెళ్లాను. లోడింగ్ జరుగుతోంది. షెడ్డు మూలన ఎత్తైన స్తంభానికి రెండు ఎల్ఈడీ ఫ్లడ్ లైట్లు. పెటూనియా షెడ్డులో సగం పట్టపగల్లా ఉంది. ఆకులు ముట్టుకుంటే చేతికి నీళ్లు.

"ఈ లైట్లు ఎప్పుడు పెట్టారండీ?"

"ఈ దసరాకేనండి. రాత్రి లోడింగుకి. కుండీలు కూడా పోతున్నాయి, అందుకని తెల్లార్లూ ఉంచేస్తున్నాం."

"మరి నీళ్లు?"

"పొద్దున మనుషులు లోడింగు లెక్కల్లో ఉంటున్నారండి. నీళ్లు సాయంత్రం అయిదింటికి కొట్టేస్తున్నారు. మందూ అప్పుడే."

షెడ్డు పక్కన చామంతి వరుస ఉంది. లైటుకు దూరంగా ఉన్న కుండీలు నిండా మొగ్గలు. లైటు కింద ఉన్నవి ఏపుగా, పచ్చగా ఉన్నాయి, మొగ్గ మాత్రం లేదు. పెద్దాయన అది విత్తన లోపం అనుకున్నారు. చామంతి పొడవాటి రాత్రులు వస్తేనే మొగ్గ కడుతుంది. రాత్రి మధ్యలో లైటు వేసి మొగ్గను ఆపడం పూలరైతులు కావాలనే చేసే పని. అంటే ఆ లైటు వెలుగు మొక్క లెక్కలోకి వెళ్లేంత గట్టిగా ఉందని చామంతే రుజువు చూపిస్తోంది. నా దగ్గర వెలుతురు కొలిచే మీటరు లేదు. ఆ వరుస చూశాక దాని అవసరం కనబడలేదు.

అప్పుడే అక్క ఇంకో మాట చెప్పింది. "తెల్ల పెటూనియాలు పొద్దుపోయాక గుప్పున వాసనొచ్చేవండి. ఈ ఏడు రాట్లేదు. జబ్బు వల్లేమోనని ఊరుకున్నాను." తెల్ల పెటూనియా రాత్రి తిరిగే చిమ్మెటల కోసం వాసన విడుస్తుంది, ఆ వేళను దాని లోపలి గడియారమే నడిపిస్తుంది. అక్క మాటను రుజువుగా తీసుకోలేదు గానీ, ఆ రాత్రి ఇంటికి వెళ్తున్నంత సేపూ అదే ఆలోచిస్తూ వెళ్లాను.

లోపలి గడియారం, రోగ రక్షణ

ఇది మనకు తెలియని సంగతి కాదు. నిద్రగన్నేరు పొద్దు వాలకముందే ఆకులు ముడుస్తుంది. చంద్రకాంత సాయంత్రమే విచ్చుకుంటుంది. ఇదంతా ఎండను బట్టి అప్పటికప్పుడు జరిగేదని అనుకుంటాం. 1729లో ఫ్రాన్స్‌లో డి మేరాన్ అనే ఆయన అత్తిపత్తి జాతి మొక్కను చీకట్లో పెట్టి చూస్తే, సూర్యుడు కనబడకపోయినా ఆకులు వేళకే తెరుచుకున్నాయి, వేళకే ముడుచుకున్నాయి. మొక్క పగటిని చూసి నడవడమే కాదు, రాబోయే పగటిని ముందే లెక్కేసుకుంటుంది. పగలూ రాత్రీ మారుతుండటం ఆ గడియారాన్ని రోజూ సరిచేస్తుంది. తెల్లార్లూ వెలుతురే ఉంటే చాలా మొక్కల్లో ఆ లయ నీరసపడుతుంది.

రోగాన్ని తట్టుకోవడమూ ఈ లెక్కలో భాగమే. 2011లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో షిన్నియన్ డాంగ్ బృందం అరబిడాప్సిస్ అనే ఆవజాతి చిన్న మొక్క మీద పనిచేసింది. డౌనీ మిల్‌డ్యూ అనే బూజులాంటి ఆకు తెగులు బీజాలు, అంటే జబ్బును మోసుకొచ్చే సన్నని దుమ్ము, తెల్లవారుజామున వచ్చి పడతాయి. ఆ వేళకు ముందే మొక్క రక్షణ జన్యువులను సిద్ధం చేసుకుంటోంది. దాన్ని నడిపేది గడియారంలోని సీసీఏ1 అనే ముఖ్య జన్యువు. మొక్కకు ఇరవై నాలుగు గంటలూ ఆయుధం పట్టుకుని నిలబడే స్తోమత లేదు, పెరగడానికి కూడా అదే తిండి కావాలి. అందుకని ప్రమాదం వచ్చే వేళకు కాపలా పెంచుకుంటుంది.

మన కేసుకు ఇంకా దగ్గరి పరిశోధనలు 2015లో వచ్చాయి. అదే ఆవజాతి మొక్కకు బోట్రైటిస్ అంటించి చూస్తే, పొద్దున అంటించినప్పుడు బాగా తట్టుకుంది, రాత్రి అంటించినప్పుడు ఎక్కువ లొంగింది. చిలీ దేశంలో లూయిస్ లారోండో బృందం రెండో వైపు నుంచి చూసింది. బూజుకూ సొంత గడియారం ఉందని, అది సాయంసంధ్య వేళ ఎక్కువ తీవ్రంగా దాడి చేస్తుందని తేల్చింది.

ఇవి ప్రయోగశాలలో ఆవజాతి మొక్క మీద తేలినవి. కడియంలో పెటూనియాకు గంట గంటకూ అవే లెక్కలు వర్తిస్తాయని చెప్పకూడదు. కానీ షెడ్డులో జరుగుతున్నది వీటి పక్కన పెట్టి చూస్తే నాకు ఒళ్లు జలదరించింది. బూజు బలంగా ఉండే వేళకు ఆకులు తడిపి పెడుతున్నాం. మొక్క బలహీనంగా ఉండే రాత్రంతా ఆ తడి ఆరడం లేదు. పైగా మొక్కకు ఏది పగలో ఏది రాత్రో తెలియకుండా లైటు వేసి ఉంచాం.

ముందు విఫలమైంది, తర్వాత పనిచేసింది

దోషం లైటుదా, నీళ్లదా? రెండూ ఒకేసారి మార్చేస్తే జబ్బు తగ్గవచ్చు గానీ ఎందుకు తగ్గిందో తెలియదు. వచ్చే ఏడు లోడింగుకు లైటు తప్పదు కాబట్టి తెలియడం అవసరం. పెద్దాయనను పన్నెండు రోజులు ఇవ్వమన్నాను. "మిగిలిన మొక్కల్తో ప్రయోగమా అండి" అన్నారు. కాసేపాగి "ఆయ్, కానివ్వండి" అన్నారు. ఆ మాటకు ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను.

మందులన్నీ ఆపేసి, షెడ్డును నాలుగు భాగాలు చేశాం. లైటు పడే సగంలో కొంతకు పొద్దున నీళ్లు, కొంతకు సాయంత్రం. చీకటి సగంలోనూ అలాగే. ఆ చీకటి కోసం మొదట నేను చెప్పింది, పొద్దుగూకగానే నల్ల పాలిథిన్ కప్పమని. అది పెద్ద తప్పు. మూడో రోజు పొద్దున పాలిథిన్ ఎత్తితే లోపల ఆవిరి కారుతోంది. ఆ భాగంలో బూజు అన్నిటికంటే ఎక్కువైంది. చీకటి ఇవ్వబోయి గాలి ఆపేశాను. పొడి చలి ఉన్న చోట అది పనిచేస్తుందేమో గానీ, కాలవ పక్కన ధనుర్మాసపు మంచులో ఆకు మీద ఏదీ కప్పకూడదు.

దారి అక్కే చూపించింది. "మొక్కని ఎందుకు కప్పడం, లైటుకే అడ్డం కడితే సరిపోదా?" గోదాములో పాత ఫ్లెక్సీలు పడున్నాయి, ఎవరివో పుట్టినరోజు శుభాకాంక్షలవి. వెదురు కర్రలు పాతి స్తంభానికీ షెడ్డుకీ మధ్య వాటిని కట్టాం. గాలి ఆడింది, నీడ పడింది. లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాం.

పన్నెండు రోజుల తర్వాత అక్క, నేను కుండీ కుండీ చూశాం. లైటు, సాయంత్రం నీళ్లు ఉన్న భాగంలో సగానికి పైగా కుండీలకు కొత్త మచ్చలు. లైటు ఉన్నా పొద్దున నీళ్లు పెట్టిన చోట బాగా తగ్గింది. అంటే పెద్ద దోషం నీళ్ల వేళదే. చీకటి ఉండి సాయంత్రం తడిపిన చోట కొద్దిగానే తగ్గింది. చీకటి, పొద్దుటి నీళ్లు రెండూ కలిసిన చోట జబ్బు కుండీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. పొద్దున నీళ్లు పెట్టిన రెండు భాగాలను పక్కపక్కన పెట్టి చూస్తే, తడి ఒకటే అయినా లైటు లేని వైపు మెరుగ్గా ఉంది.

ఆ తేడా లైటు వల్లే వచ్చిందా, లేక ఆ మూలకు గాలి బాగా తగలడం వల్లా? ఈ అనుమానం తీరడానికి ఫ్లెక్సీని తీసి రెండో వైపుకు కట్టాం, మళ్లీ వారం చూశాం. కొత్త మచ్చలు కూడా వైపు మారాయి. మొదటిసారి ఉన్నంత తేడా లేదు, అప్పటికి షెడ్డు మొత్తంలోనే బూజు తగ్గింది కాబట్టి. నా వరకు అది చాలు.

ఆ తర్వాత షెడ్డు మొత్తానికి పెట్టిన పద్ధతి ఇది. నీళ్లు పొద్దున మంచు ఆరాక, ఎనిమిదిన్నర తొమ్మిది మధ్యలో, అదీ గొట్టంతో తలమీద కొట్టకుండా మొక్క మొదలు దగ్గర పెట్టడం. మధ్యాహ్నం మూడు తర్వాత ఆకు మీద చుక్క పడకూడదు. వాడిన పూలు ఏరడం రోజు విడిచి రోజు, అదీ పొద్దున్నే, ఆకు ఇంకా చెమ్మగా ఉన్నప్పుడు. ఎండెక్కాక కదిపితే బూజు దుమ్ము లేచి షెడ్డంతా పాకుతుంది. మందు ఒక్కసారే కొట్టాం, పొద్దున తొమ్మిదిన్నరకు. సాయంత్రం కొట్టే అలవాటు ఎండలో ఆకు మాడుతుందన్న భయంతో వచ్చింది. ఎండాకాలానికి అది సరైన భయమే. డిసెంబరులో మాత్రం అయిదింటికి కొట్టిన మందు ఆరకముందే మంచు దిగుతుంది, అది బూజుకు ఇంకో తడుపు. పొద్దున కొడితే మధ్యాహ్నానికి ఆరి, రాత్రి బీజం మొలకెత్తే వేళకు ఆకు మీద సిద్ధంగా ఉంటుంది.

లైట్లు తీసేయలేదు. దొంగల భయం నిజమైనదే. దీపాలకు రేకు గొడుగులు బిగించి వెలుగు లారీ దారి మీదే పడేలా వంచాం, లోడింగు అయ్యాక పదింటికి ఆర్పేస్తున్నారు.

చివరిది పక్క తెరలు. చలికని వాటిని రోజంతా దించే ఉంచేవారు. తొమ్మిదింటికి ఎత్తి, సాయంత్రం గాలి మంచు పట్టాక అడుగు ఖాళీ ఉంచి దించమన్నాను. ఆకు ఆరడానికి అది ఎలాగూ మంచిదే. దానికి తోడు, డాంగ్ బృందమే 2018లో ఇంకొకటి చూపించింది. గాలిలో తేమ రోజూ పెరిగి తగ్గుతుంటే ఆ ఊగు కూడా మొక్క గడియారాన్ని సరిచేస్తుంది, రోగ రక్షణకు బలమిస్తుంది. తెరలు దించిన మన షెడ్డులో పగలూ రాత్రీ ఒకే చెమ్మ. డెల్టాలో తేమను తగ్గించలేం, కానీ మధ్యాహ్నం నాలుగు గంటలు గాలి ఆడనిస్తే ఆ ఊగు వస్తుంది.

పెద్దాయనకు జనవరి ఒకటి లోడు తప్పిపోయింది. సంక్రాంతికి పన్నెండు వందల కుండీలు వెళ్లాయి.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

ఎక్కడికి వెళ్లినా మందు పేరుకంటే ముందు మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. నీళ్లు ఎన్నింటికి? మందు ఎన్నింటికి? రాత్రి ఇక్కడ లైటుందా? పగలు ఒకసారి చూసిన షెడ్డును వీలైతే రాత్రి ఇంకోసారి చూస్తున్నాను. రొయ్యల చెరువుల గట్ల మీద దీపాలు పెరిగిన భీమవరం వైపు నుంచి ఎవరు పిలిచినా ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం.

అలాగని రాత్రి లైటు ప్రతి జబ్బుకూ కారణమని ఈ కేసు చదివి ఎవరూ అనుకోవద్దు. తులసి జాతి మొక్కలకు వచ్చే డౌనీ మిల్‌డ్యూకు బీజాలు పుట్టాలంటే చీకటి కావాలి, రాత్రి లైటు దాన్ని అడ్డుకుంటుంది. ఏ మొక్క, ఏ బూజు, ఏ వేళ అన్నది విడివిడిగా చూసుకోవాలి. నల్ల పాలిథిన్‌తో నేను చేసిన తప్పు కూడా అక్కడి నుంచే వచ్చింది. గడియారం సంగతి తలకెక్కి, కళ్ల ముందున్న తడిని మర్చిపోయాను.

మరుసటి చలికాలం వెళ్లాను. షెడ్డు బాగుంది. అక్కడక్కడా మచ్చలు, ఏరి పారేస్తే పోయేవే. రోడ్డు పక్క వరుసలో మాత్రం పెటూనియా మళ్లీ దెబ్బతింది. అక్కడ వీధి దీపం ఉంది, అది మన చేతిలో లేదు. అక్క ఆ వరుస ఖాళీ చేయించి క్రోటన్లు పెట్టించింది.